చూడని కప్పుకు రామనాథం సంతకం

సరిహద్దు దాటగానే వచ్చే మా కోంటలో కిరాణా రామనాథానికి దుకాణం కంటే పెద్ద గౌరవం ఒకటుంది. ఆదివాసీ ఆడపిల్లల హాస్టల్ నడిపే సంఘంలో ఆయన కమిటీ సభ్యుడు. పదకొండేళ్లుగా గేటు పక్క బోర్డు మీద పేరు, పంద్రాగస్టుకి ముందువరుస కుర్చీ, మెడలో దండ. ఆ పదకొండేళ్లలో హాస్టల్ లోపలికి ఎంతదూరం వెళ్లాడంటే, జెండాకర్ర దాకా వెళ్లాడు.

ఇక మీటింగులు. మా ఊళ్లో మీటింగంటే నలుగురు ఒకచోట కూర్చోవడం కాదు. హాస్టల్ చౌకీదారు సుక్కా రిజిస్టరు చంకలో పెట్టుకుని దుకాణాల వెంట తిరుగుతాడు. సభ్యులంతా హాజరైనట్టు పైన ముందే రాసి ఉంటుంది; సంతకం పడితే హాజరు, పడకపోతే గైర్హాజరు. రామనాథం ఒక చేత్తో బెల్లం తూస్తూ రెండో చేత్తో సంతకం గీకుతాడు. ఏం తీర్మానించాడో ఆయనకే తెలియదు. అడిగితే మాత్రం తనకు తెలియకుండా సంఘంలో ఆకు కూడా కదలదంటాడు.

పిల్లల తల్లి ఒకరు కమిటీలో ఉండాలని రూలు. అందుకని దోర్ల తెగ హిడ్మేను చేర్చుకున్నారు. ఆమె కూతురు సోమి ఆ హాస్టల్లోనే ఉండి ఏడో తరగతి చదువుతోంది. హిడ్మేకు చదువు రాదు. చదివి వినిపించనిదే వేలిముద్ర వేయనని భీష్మించింది. మా పెద్దమనుషులకు అది పెద్ద నవ్వులాట అయింది.

సుక్మా జిల్లా అయిన కొత్తలో, వానలకు ముందు, పిల్లలు పడుకునే గది కప్పు పెచ్చులు ఊడి మంచాల మీద పడ్డాయి. హిడ్మే బస్సెక్కి సుక్మా ఆఫీసుకు వెళ్లి మరమ్మతు అడిగింది. అక్కడి గుమాస్తా బాబు సంఘం పంపిన తీర్మానం తీసి చదివాడు. సభ్యుడు రామనాథం స్వయంగా తనిఖీ చేశారట, కప్పు గట్టిగా ఉందట. ఇంక మరమ్మతెందుకన్నాడు.

ఆమె తిన్నగా దుకాణానికి వచ్చింది.

"సేటూ, కప్పు నువ్వు చూసినవంట. యాడ నిలబడి చూసినవో వచ్చి సూపియ్."

బేరగాళ్ల ముందు కాదనలేక కదిలాడు. జెండాకర్ర దాటి ఎడమకు తిరిగి, ఒక గదిలోకి వెళ్లి పైకి చూసి, బాగానే ఉందిగా అన్నాడు. అది వంటగది. గిన్నెలు తోముతున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అందరు సంతకం పెట్టిండ్రు, నేను గూడ పెట్టిన. దీంట్ల ఏమున్నది హిడ్మే?"

"నీ సంతకం కింద పండుకునేది నా బిడ్డ. చూడలేదని రాసియ్యి."

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ ఒక్క ముక్క రాసిస్తే మరమ్మతుకు దారి దొరికేది. పరువు పోతుందని ఆయన రాయలేదు. వానలు మొదలవగానే హిడ్మే సోమిని ఇంటికి తీసుకుపోయింది. మరో పదిహేనుమంది తల్లులూ అదే పని చేశారు. సోమి చదువు ఏడో తరగతితో ఆగిపోయింది.

నెల తిరక్కుండా సుక్కా మళ్లీ రిజిస్టరు తెచ్చాడు. మీటింగులకు వరుసగా హాజరు కానందున హిడ్మేను కమిటీ నుంచి తొలగించడమైనదని అందులో ఉంది. రామనాథం కళ్లజోడు తెప్పించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, సంతకం పెట్టాడు.