లచ్చక్క గునుగు

ఇవాళ పొద్దున పెరటి తలుపు తీయగానే చల్లని మట్టి వాసన, దాంతోపాటు బంతి మొగ్గల ఘాటు. వానలు వెనక్కి తగ్గాయని చెప్పడానికి అది చాలు. చూస్తే, నిన్నటిదాకా పచ్చగా ఉన్న గునుగు, బతుకమ్మలో పేర్చే పువ్వు, కొనలు తెల్లబడ్డాయి! యాభై దాటినదాన్ని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఏటా ఇంతే. ఈ పిచ్చి నాకు అంటించింది లచ్చక్క.

పెళ్ళయి హైదరాబాదు నుంచి గోదావరిఖని బొగ్గుబావి క్వార్టర్లకు వచ్చినప్పుడు మా పక్కిల్లు ఆవిడది. ఆవిడ గొంతు మూడిళ్ళ అవతలికి వినిపించేది. నాకు జొన్నరొట్టె చేయడం నేర్పింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. ఆవిడను సంతోషపెడదామని, బతుకమ్మకు ఇరవై రోజుల ముందు, ఆవిడ సంతకు వెళ్ళిన పూట, ఆవిడ పెరట్లో బంతి వరుసల మధ్య గడ్డంతా పీకి కుప్ప పోశాను. మెచ్చుకుంటుందని గుమ్మంలో నిలబడి ఎదురుచూశాను కూడా!

లచ్చక్క వచ్చి కుప్ప చూసింది. అరవలేదు. నాకు దానికే భయమేసింది.

"గది గడ్డి గాదు పిల్లా, గునుగు. మా అవ్వ చేన్ల గింజలు. గా చేను ఓపెన్‌కాస్ట్ గనిల పోయింది. అవ్వ గూడ లేదు. ఇగ గీ గునుగు నాకు యాడ దొరుకుతది?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుంది.

"ఏడ్సుడు తర్వాత. జర వంగు, వేర్లింక పచ్చిగనే ఉన్నయ్."

చినుకుల్లో తడుస్తూ ఒక్కొక్క మొక్కనూ తిరిగి నాటాం. తెల్లారేసరికి అన్నీ తలలు వేలాడేశాయి. ఇక చూడండి, పళ్ళు కూడా తోముకోకుండా రోజూ అక్కడే ఉండేదాన్ని. నాలుగో రోజు రెండు మొక్కలు నిలబడ్డాయి. వారానికి తొమ్మిదయ్యాయి. మిగిలినవి ఎండిపోయాయి. పండుగ ఇంకా రెండు రోజులుందనగా "అక్కా, తెల్లబడ్డయి!" అని నేను వేసిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. లచ్చక్క పిండి చేతులతోనే నన్ను వాటేసుకుంది.

ఆ ఏడు ఆవిడ బతుకమ్మలో తంగేడు, బంతి పూలే ఎక్కువ. గునుగు మూడే కొనలు. అన్నీ కోస్తే బతుకమ్మతోపాటు నీళ్ళలో కలిసిపోతాయి, గింజ మిగలదు. తక్కినవి మొక్కమీదే ఎండనిచ్చింది. తర్వాత అరచేతిలో నలిపి, నల్లగా మెరిసే గింజలను కాగితంలో పొట్లం కట్టి, సగం నా చేతిలో పెట్టింది.

"నాకెందుకక్కా? పాడు చేసింది నేనే కదా!"

"గందుకే. ఇగ నువ్వు జన్మల పీకవు."

ఆవిడ పోయి ఆరేళ్ళు. పేరు అడగకుండా నేను ఇప్పటికీ ఏ మొక్కనూ పీకను. మా పెరడు అడవిలా ఉందని ఇంటికొచ్చినవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఏటా మూడే కొనలు కోస్తాను. ఆ చేను ఉన్నచోట ఇప్పుడు పెద్ద గొయ్యి. దాని గునుగు మాత్రం ఈ పొద్దున, ఇప్పుడు మేముంటున్న కరీంనగర్‌లో, నా పెరట్లో తెల్లబడింది.