అచ్చుతప్పు లేని దల్లే

మా ఊరు వోల్పోలో, బడిలో తొమ్మిదో తరగతికి మేం నలభై ఒక్కమందిమి. నాది ఒకటో ర్యాంకు. ప్యో దల్లేది నలభయ్యోది. నలభై ఒకటోవాడు ఆ పరీక్షల వారమంతా గవదబిళ్లలతో మంచంమీద ఉన్నాడు కాబట్టి అసలు సంగతేమిటో అందరికీ తెలుసు.

దల్లే చదవడం మహా నెమ్మది. పాఠం పైకి చదవమంటే వేలు పెట్టి, ఒక్కో అక్షరాన్నీ ఆపి పలకరిస్తున్నట్టు చదివేది. "దల్లే, నువ్వా పేజీ తిప్పేలోపు వీళ్లందరికీ పెళ్లిళ్లయి పిల్లలు పుడతారు" అనేవారు మాస్టారు. అందరం నవ్వేవాళ్లం. నేను కాస్త ఎక్కువే నవ్వేదాన్ని. దల్లే మాత్రం నవ్వు అయ్యేదాకా ఆగి, ఎక్కడ వదిలిందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టేది.

నాకు సియోల్‌లో పెద్ద విశ్వవిద్యాలయంలో సీటొచ్చినప్పుడు ఊరి మొదట్లో, బస్సు ఆగేచోట, రెండు స్తంభాల మధ్య బ్యానర్ కట్టారు. "అభినందనలు! ఊరిపెద్ద బాంగ్ చున్‌సిక్ గారి పెద్దమ్మాయి హ్యోరిమ్" అని ఎర్రక్షరాలు. మా వైపు అంతే. బ్యానర్ కట్టకపోతే పిల్ల పాసైనట్టు కాదు. ఎవరి పిల్ల ఎంతదో తూచేది ఆ రెండు స్తంభాల మధ్యే. ఆ రోజు నిచ్చెనెక్కి తాళ్లు బిగించింది దల్లేనే. వృత్తివిద్య బడి ముగించి, ముసలి కూ గారి బ్యానర్ల షాపులో పనికి కుదిరిన మొదటి నెల అది. నేను బస్సెక్కుతూ చెయ్యి ఊపాను. తనూ ఊపబోయింది కానీ చేతిలో తాడుంది.

ఆ తర్వాత కూ గారు మోకాళ్లు పట్టేసి షాపు దల్లేకే అప్పజెప్పాడు. పదకొండేళ్లలో మా ఎనిమిది ఊళ్ల బ్యానర్లన్నీ తన చేతిమీదుగానే వెళ్లాయి. ఏ స్తంభం దగ్గర ఏ నెలలో గాలి ఎటు కొడుతుందో తనకి తెలుసు. గుడ్డ చిరగకుండా గాలి పోవడానికి అర్ధచంద్రాల్లా కోతలు పెడుతుంది. ఎక్కడ ఎన్ని పెట్టాలో చేత్తో గుడ్డ తడిమి చెప్పేస్తుంది. ఎవరి తాతపేరు ఎలా రాస్తారో, ఎవరింట్లో అల్లుడి పేరు ఎత్తకూడదో అన్నీ బుర్రలోనే ఉంటాయి. అచ్చు వేసేముందు ప్రతి బ్యానర్నీ చివరి అక్షరం నుంచి వెనక్కి చదువుతుంది.

"ముందునుంచి చదివితే ఉండాల్సింది కనబడుద్దే. వెనకనుంచి చదివితే ఉన్నది కనబడుద్ది" అని నాకోసారి చెప్పింది. బళ్లో నవ్వులపాలైన ఆ నత్తనడక చదువే తనకి అన్నం పెట్టింది. పదకొండేళ్లలో ఒక్క అచ్చుతప్పు లేదు. "తప్పుంటే నేనే మింగేస్తా ఆ గుడ్డ" అని షాపులో కూర్చుని అనేది. తనకున్న ఒకటో ర్యాంకు అదొక్కటే. ఆ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి ఏమాత్రం సిగ్గుపడేది కాదు.

ఇక నా సంగతి. చదువయ్యాక ప్రభుత్వ కొలువు పరీక్షలకి కూర్చున్నాను. ఆరేళ్లు. సియోల్‌లో కిటికీ లేని గదిలో ఆరేళ్లు. మాది సముద్రపు నాచు పెంచే ఇల్లు. అయినా ఆ ఆరేళ్లూ మా వంటింట్లో నాచు చారు కాచలేదు. నాచు జారుడు కదా, పరీక్ష ఉన్న మనిషి అది తాగితే పరీక్షలో జారిపోతుందని మా వైపు నమ్మకం. పుట్టినరోజుకి ఊరంతా తాగే చారు, దాన్ని ఊరికి అమ్మే మా ఇంట్లో లేదు. పాపం మా అమ్మ నా పుట్టినరోజుకి ముల్లంగి చారు కాచి ఫోటో పంపేది.

ఆరో ఏడు రాతపరీక్ష దాటాను. ఇంటర్వ్యూ కూడా బాగానే చేశాననిపించింది. ఫలితం డిసెంబరులో ఒక మంగళవారం. దానికి ముందు శనివారం మా ఊళ్లో ఏడాది చివరి సభ. చుట్టుపక్కల ఊరిపెద్దలందరూ వస్తారు. నాన్న ఆగలేకపోయాడు. బుధవారమే దల్లే షాపుకెళ్లి, నేను కొలువులో చేరిపోయినట్టే బ్యానర్ వేసి శనివారం పొద్దున్నే కట్టమన్నాడు. షాపులో జరిగిన మాటలు నాకు చాలా తర్వాత నాన్నే చెప్పాడు.

"ఫలితం కాగితం వచ్చిందా బాబాయ్?" అని అడిగిందట దల్లే.

"రాకేం? వచ్చినట్టే. ఇంటర్వ్యూలో ఎవడు పోతాడు?"

"వచ్చినట్టే అంటే రానట్టేగా. మంగళవారందాకా ఆగు. కాగితం చూపించు, ఎనిమిది ఊళ్లలోనూ కట్టేస్తా."

"నలభయ్యో ర్యాంకుదానివి, పరీక్షల గురించి నువ్వు నాకు చెప్తావేంటే? వేస్తావా, పట్నంలో వేయించుకోమంటావా?"

దల్లే గుడ్డ కొలత రాసుకుందట. శుక్రవారం సాయంత్రం ఫోను చేసి, "బాబాయ్, తప్పైపోయింది. నీ పేరే తప్పు పడింది. గుడ్డ పాడైంది. కొత్త గుడ్డ వచ్చేసరికి బుధవారం అవుద్ది" అంది.

నాన్న కోపం ఎలాంటిదో మా ఊరికంతా తెలుసు. రోజూ పొద్దున మైకులో ఊరి కబుర్లు చెప్పేది ఆయనే. శనివారం ఆరింటికి మైకు పట్టుకుని, "ఆ... ఆ... వినబడుతోందా? మా ఇంటి శుభవార్త బ్యానర్ ఈరోజు కట్టాల్సింది. ప్యో దల్లే అచ్చు తప్పేసింది. అందుకని ఆలస్యం. శుభవార్త మాత్రం ఖాయం" అని ఊరంతా వినిపించాడు.

మంగళవారం నేను తప్పాను.

శుభవార్త ఏమైందని అడిగినవాళ్లకి నాన్న "టైముంది, టైముంది" అని దాటేశాడు. కొన్నాళ్లకి అడగడం మానేశారు. కానీ అచ్చుతప్పు కబురు మాత్రం ఆగలేదు, సియోల్‌లో నా దాకా వచ్చింది. "అచ్చుతప్పుల దల్లే" అన్న పేరు పడిపోయింది. ఏటా ఏప్రిల్‌లో మా నాచు సహకార సంఘం జాతర చేస్తుంది. మూడు వందల బ్యానర్లు. దల్లే షాపు ఏడాదంతా నడిచేది ఆ పనిమీదే. ఈసారి పట్నంలో ఇద్దామని సంఘం అధ్యక్షుడు యోమ్ గారు అంటున్నాడని విన్నాను. ఆ సంగతి మార్చి నెలాఖరు సభలో తేలుతుంది.

మార్చి మొదట్లో నేను పెట్టె సర్దుకుని ఊరికొచ్చేశాను. బస్సు దిగగానే ఆ రెండు స్తంభాలవైపు చూడకుండా నడిచాను. ఎదురుగా దల్లే, ట్రక్కు ఆపి, ఫ్లాస్కు చేతికిచ్చింది. మూత తీస్తే వేడివేడి నాచు చారు.

"తాగు. ఇంక జారితే జారావులే, నేలమీదేగా ఉన్నావ్."

నడిరోడ్డుమీద, నవ్వుతూ ఏడుస్తూ తాగాను. ఆరేళ్ల తర్వాత ఆ రుచి.

నెలాఖరు వచ్చింది. నాచు ఆరబెట్టే రోజులు. మధ్యాహ్నం వానొస్తే కప్పడానికి గుడ్డలు కావాలి. పాత బ్యానర్లు షాపు వెనకగదిలో ఉన్నాయి, వెళ్లి తీసుకోమంది దల్లే. తను ఏదో కట్టడానికి పక్కూరు వెళ్తోంది. నేను వెళ్లి చుట్టలు లాగుతుంటే, అన్నిటికన్నా అడుగున ఒకటి, అసలు కట్టనే లేదు, తాళ్లు కొత్తగా ఉన్నాయి. విప్పాను. నా పేరు.

నేల మీద పరిచి ముందునుంచి చదివాను. తప్పేమీ కనబడలేదు. తర్వాత దల్లే నేర్పినట్టు చివరనుంచి, వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ చదివాను. రెండుసార్లు. నాన్న పేరు సరిగ్గా ఉంది. నా పేరు సరిగ్గా ఉంది. ఊరి పేరు, కొలువు పేరు, ఏడాది, అన్నీ సరిగ్గా ఉన్నాయి. గాలి కోతలు కూడా పెట్టేసి ఉన్నాయి.

దల్లే వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. చూడగానే తన మొహం ఎర్రబడింది.

"అది కాదు. పై వరసలోవి తీసుకోమన్నా."

"ఎందుకు చేశావే ఇలా?"

తాళ్లు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టుకుంటూనే అంది: "యున్‌హో గుర్తున్నాడా?"

థక్ యున్‌హో మా క్లాసులో రెండో ర్యాంకు. వాడి బ్యానర్ కూడా ఇలాగే ఫలితం రాకముందు కట్టారు. వాడు తప్పాడు. వాళ్ల నాన్నకి దించమని చెప్పే మొహం లేక అది పదకొండు రోజులు అలాగే ఊగింది.

"కూ గారు దించిరమ్మని నన్నే పంపాడు. నేను నిచ్చెనమీదుంటే బస్సాగింది. కిటికీలో యున్‌హో. దిగలేదే. అదే బస్సులో ముందుకెళ్లిపోయాడు. తొమ్మిదేళ్లయింది, ఇప్పటిదాకా ఊళ్లో అడుగుపెట్టలేదు." ముక్కు తుడుచుకుంది. "కట్టేది నేను, దించేది నేను. నీది నేను దించలేననిపించింది. నా అచ్చుతప్పు అంటే నాలుగు రోజులు తిడతారు. నువ్వు బస్సు దిగుతావుగా."

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, తప్పినరోజు కూడా అంత పడలేదు. ఆరేళ్లు పుస్తకాలు నమిలిన నాకు రాని ఆలోచన, నలభయ్యో ర్యాంకు అని నేను నవ్విన మనిషికి ఒక్క సాయంత్రంలో వచ్చింది. దానికోసం తనకున్న ఒకే ఒక్క గొప్పని తీసి పక్కన పెట్టేసింది. నేను ఇంతమంది తెలివైనవాళ్ల మధ్య బతికాను కానీ ఇలాంటి తెలివి చూడలేదు.

"నాన్నకి చెప్పి మైకులో చెప్పిస్తా" అన్నాను.

"నోర్మూసుకో. చెప్తే నువ్వు తప్పావని ఊరంతా తెలుస్తుంది. ఇంక దేనికి నేను తిట్లు తిన్నది? ఆ గుడ్డ అక్కడ పెట్టి పో."

గుడ్డ అక్కడ పెట్టలేదు. ట్రక్కు దగ్గరికి తను వెళ్లగానే చంకలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు సంఘం సభ. పొద్దున ఏడింటికి మా ఇంటి నాచు కొట్టం దగ్గరి నిచ్చెన మోసుకుని బస్సు ఆగేచోటికి వెళ్లాను. ఒక కొస కట్టి, దిగి, నిచ్చెన మార్చి, రెండో కొస కట్టాను. కిందికి దిగేసరికి ఏడెనిమిది మంది చేరారు. సభకి వెళ్తున్న యోమ్ గారు సైకిలాపాడు.

"ఓహో! మొత్తానికి కొట్టావన్నమాట! శుభం శుభం!"

"లేదు బాబాయ్. డిసెంబరులోనే తప్పాను. నాన్న ముందే వేయించిన బ్యానర్ ఇదే. దల్లే అచ్చు తప్పేసిందన్నారే, అదే. తప్పెక్కడుందో దల్లేలా వెనకనుంచి చదివి కాస్త వెతికిపెట్టండి."

యోమ్ గారు కళ్లజోడు పెట్టుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. పక్కనున్న ముసలమ్మ "నాకు చదువు రాదు కానీ అక్షరాలు మాత్రం బలే ముచ్చటగా ఉన్నాయి" అంది.

అప్పుడు మైకు గరగరమంది. ఇంట్లోంచి నిచ్చెన పోయిందని నన్ను వెతుక్కుంటూ వచ్చి, దూరంనుంచే చూసి వెనక్కి తిరిగిన నాన్నని నేను కాసేపటి క్రితమే గమనించాను. కోపంతో వెళ్లాడనుకున్నాను.

"ఆ... ఆ... వినబడుతోందా." మైకుని రెండుసార్లు తట్టాడు. "ఊరిపెద్దని. దల్లే అచ్చు తప్పలేదు. ఆగమని చెప్పింది, నేనే ఆగలేదు. మా అమ్మాయి తప్పింది. మళ్లీ ఇంటికొచ్చింది. అంతే." మైకు ఆపడం మర్చిపోయాడు. ముక్కు చీదుకున్న చప్పుడు కూడా ఊరంతా వినబడింది.

దల్లే ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. దిగి, తలెత్తి బ్యానర్ చూసింది. నన్ను చూసింది. కళ్లనిండా నీళ్లు, నోటినిండా తిట్లు.

"ఏమే, ఒకటో ర్యాంకూ! తాడు ఇలాగేనా కట్టేది? మధ్యాహ్నం గాలికి కొట్టుకుపోయి ఎవరి మొహానో పడుద్ది. జరుగు!"

నిచ్చెనెక్కి నా ముడులు రెండూ విప్పేసి, గుడ్డ లాగి సరిచేసి, మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. కింద యోమ్ గారు వేలు గాల్లో పెట్టి, చివరి అక్షరం నుంచి వెనక్కి ఇంకా చదువుతూనే ఉన్నాడు. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను.