చింతపండుతో తోమిన కాణీ

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం ఒక ఎత్తయితే, చేరిన మొదటి రోజు అందరి ముందూ నిలబడి "నా హాబీ ఫలానా" అని చెప్పడం మరో ఎత్తు. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఏడో అంతస్తులో, ఏసీ చలికి చున్నీ కప్పుకుని నా వంతు కోసం ఎదురుచూస్తుంటే, ముందువాళ్ళు ట్రెక్కింగ్, గిటారు, ఫొటోగ్రఫీ అన్నీ వాడేసుకున్నారు. నాకు మిగిలింది నిద్రపోవడం ఒక్కటే. అది చెబితే బాగుండదని, "పాత నాణేలు సేకరిస్తానండి" అనేశాను. (మా ఇంట్లో ఒక అగరుబత్తి డబ్బాలో చెల్లని ఇరవై పైసలు నాలుగుండేవి. పూర్తి అబద్ధం కాదని ఇప్పటికీ వాదిస్తాను.) మూలన కూర్చున్న మా మేనేజర్ చటుక్కున తలెత్తారు. నా ఖర్మ కొద్దీ ఆయన నిజంగానే పాత నాణేలు సేకరించే మనిషి.

ఆయన పుట్టి పెరిగిందంతా హైదరాబాదే. ఆఫీసంతా ఆయన్ని "అన్నా" అనేది, గోదావరి నుంచి వచ్చిన నాకు మాత్రం "సార్, అండి" తప్ప నోరు తిరిగేది కాదు. వారానికోసారి నా కుర్చీ పక్కన ఆగి ఏదో ఒక నాణెం గురించి చెప్పేవారు. నేను అన్నీ తెలిసినదానిలా "అవునండి" అనేదాన్ని. అలా ఐదు నెలలు నెట్టుకొచ్చాను. ఇంకో నెలలో నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. సరిగ్గా అప్పుడు, ఒక శుక్రవారం, చిన్న కాగితం కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"జర పైలంగ పట్టుకో. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ కాలం కాణీ ఇది. వెనకాల ఆకుల దండ ఉన్నది చూడు, దాంట్ల చిన్న చిన్న పండ్లుంటయ్. అందరి దగ్గర ఉండే అచ్చుల ఎనిమిదే ఉంటయ్. తొమ్మిదున్నది దొరికిందంటే మాత్రం మస్తు అరుదు. ఎన్నున్నయో లెక్కవెట్టు, ఎంత అరిగిందో చూసి గ్రేడు చెప్పు."

"నేనా అండి? మీకంటే నాకేం తెలుసండి?"

"సొంత బిడ్డ ఎవలకైనా ముద్దుగనే కనిపిస్తది. నా కండ్లను నేను నమ్మ. తొందరేం లేదు, సోమవారం చెప్పు."

శనివారం మణికొండ హాస్టల్ కిటికీ దగ్గర కూర్చుని, ఫోన్ కెమెరాతో ఆ కాణీని తిప్పి తిప్పి చూశాను. నల్లటి ఆకులు, నల్లటి దండ, పండేదో మచ్చేదో తెలిస్తే ఒట్టు. ఒకసారి ఏడు వచ్చాయి, ఒకసారి పదకొండు. నా అబద్ధం బయటపడితే ఆ కాగితం మీద ఆయన సంతకం పెడతారా అని నిజంగానే భయం పట్టుకుంది. అలాంటప్పుడు మనిషికి అమ్మే గుర్తొస్తుంది. ఫోన్ చేసి నల్లటి కాణీ సంగతి చెప్పాను.

"రాగిదేనా? అయితే కాస్త చింతపండూ ఉప్పూ వేసి తోమెయ్యవే, తళతళలాడిపోద్ది. అయినా ఇంకొకళ్ళ వస్తువు అలా మురికిగా తిరిగిచ్చేస్తామా ఏంటి?"

ఈ ఆఖరి మాటతో నేను లేచాను. మా వైపు పక్కింటి గిన్నె తిరిగివ్వాలంటే తోమి, ఉత్తిది ఇవ్వకూడదని చిటికెడు పంచదారైనా వేసి పంపుతారు. హాస్టల్ వంటావిడ దగ్గర నిమ్మకాయంత చింతపండు అడిగి తెచ్చి, శ్రద్ధగా, భక్తిగా తోమాను. కాణీ కొత్త పెళ్ళికూతురిలా మెరిసింది. పండ్లు ఎనిమిదీ స్పష్టంగా కనిపించాయి. మూడుసార్లు లెక్కపెట్టి, ఎక్సెల్ షీట్లో ఎక్కించాను. (పంచదార మాత్రం వెయ్యలేదు.)

సోమవారం ఆయన కవరు తెరిచి, కాణీని వెలుతురుకి పెట్టి చూశారు.

"తోమినవా?"

"తోమానండి."

"దేనితోని?"

"చింతపండుతోనండి."

"ఉప్పు గూడ ఏసినవా?"

"కొంచెమేనండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రాగి మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ నల్ల రంగే నాణేనికి వన్నె అనీ, దాన్ని గీకేస్తే ఎంత గొప్ప నాణెమైనా గ్రేడు పోయినట్టేననీ మెల్లగా చెప్పారు. కోప్పడి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. హాబీ సంగతి, అగరుబత్తి డబ్బా సంగతి అన్నీ కక్కేశాను.

"అది నాకు రెండో వారంలనే తెల్సింది తియ్. ఎన్నున్నయ్ పండ్లు?"

"ఎనిమిదండి."

"ఎనిమిదేనా." ఆయన కిటికీలోంచి కింద ఫ్లైఓవర్ మీది ట్రాఫిక్ వైపు చూశారు. "ఆరేండ్ల సంది నా దగ్గరున్నది. గట్టిగ చూస్తే నాకూ కనిపించేటియే. తొమ్మిది లేకుంటే ఎట్ల అని చూడలే. ఇగ పరేషాన్ లేదు, తేలిపోయింది."

ఆ మాటతో నాకు ప్రాణం చివుక్కుమంది. పాడుచేసింది రాగి ఒక్కదాన్నే కాదని అప్పుడర్థమైంది. నెలాఖరుకి నా కాగితం వచ్చింది. సంతకం పైన, "ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. చెప్పనిది కూడా శుభ్రం చేస్తుంది" అని ఇంగ్లీషులో రాశారు. దానికి పిన్ను చేసి, కాణీతో సహా ఆ చిన్న కవరు. చేతికిస్తూ అన్నారు, "ఉంచుకో. నీ హాబీ ఇయ్యాల్టి నుంచి అబద్ధం గాదు."

ఇప్పుడు నేను నల్లగండ్లలో ఉంటున్నాను, కాణీ నా బీరువాలో ఉంది. మొన్న అమ్మ వచ్చినప్పుడు దాన్ని చూసి, "అయ్యో, మళ్ళీ నల్లబడిపోయిందే" అంటూ వంటింట్లో చింతపండు డబ్బా మూత తీసింది. "ముట్టుకోకమ్మా!" అని నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటువాళ్ళు తలుపు తీశారు. అమ్మ అలిగి పడుకున్నాక, కాణీని అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పండ్లు మునుపటిలా తేలిగ్గా కనబడటం లేదు. ఎనిమిదే అని నాకు తెలుసు, మూడుసార్లు లెక్కపెట్టి ఎక్సెల్లో రాసింది నేనే. అయినా దండ కింది భాగంలో, ముడి దగ్గర, ఇంకొకటి ఉందేమోనని ఒక అనుమానం. గట్టిగా చూడకుండా కవర్లో పెట్టేశాను.