బొట్టు పెట్టకుండా పిలిస్తే

మా టీచరక్క పోయిందన్న కబురు నిన్న పొద్దున తెలిసింది. అప్పుడు నేను కుంకుమ భరిణ పట్టుకుని గడప దాటుతున్నాను. కొత్తగా తెరవబోయే పెద్ద కుట్టు షాపుకు ఇంకా మిగిలిన నలుగురినీ పిలవాలని బయల్దేరాను. ఎదురొచ్చిన పాలామె "మీ అక్క పోయిందట" అన్నది. టీచరక్క నాకు తోబుట్టువు కాదు. మునుపు మేం మట్టెవాడలో ఉన్నప్పుడు మా పక్కింటి క్రైస్తవుల కోడలు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది మా ఆయనకు పని పోయింది. ఇంట్లో ఉన్న కుట్టుమిషన్‌తోనే చిన్న షాపు పెట్టాలనుకున్నాను. అది నడవకపోతే మూటాముల్లె సర్దుకుని ధర్మసాగర్‌లో మా అమ్మ ఇంటికి పోవాల్సిందే. నాకేమో కొత్తవాళ్లతో మాట్లాడాలంటే చచ్చేంత సిగ్గు. మా దగ్గర బట్టలు కుట్టిస్తారా అని అడగడం అడుక్కున్నట్టే అనిపించేది.

అక్కే నన్ను ఇల్లిల్లూ తిప్పింది. ఎవరింటికి పోయినా పని మాట ఎత్తేది కాదు. "మీ చిన్నోనికి జరం తగ్గిందా?" అని అడిగేది. పోయినసారి విన్న ముచ్చట ఏదీ మరిచేది కాదు.

"పని కోసం పోయినట్టు పోకు చెల్లె. మనిషిని చూడనీకి పో. పని ముచ్చట వాళ్లే తీస్తరు" అనేది.

షాపు తెరిచే ముందురోజు వాడంతా పిలుచుకుంటూ అక్కవాళ్లింటికి పోయాను. అక్క పక్కన ఎవరో పెద్దామె కూర్చుని ఉంది. మంచిపేరు తెచ్చుకోవాలన్న ఆరాటంలో ముందూ వెనకా చూడకుండా ఇద్దరి నొసటా కుంకుమ పెట్టేశాను.

పెద్దామె దిగ్గున లేచింది. "ఏందమ్మా ఇది?" అంటూ చేతిరుమాలుతో తుడిచేసుకుంది. ఆమె అక్క పనిచేసే బడికి హెడ్ మేడం. యూనిఫాంలు కుట్టే పని నాకు ఇప్పించాలని అక్కే ఆమెను పిలిపించింది. వాళ్లు బొట్టు పెట్టుకోరని తెలిసీ మరిచాను.

"మేడం, వాళ్లల్ల పిలుపు అట్లనే ఉంటది. ప్రేమతోని పెట్టింది" అన్నది అక్క. తన బొట్టు మాత్రం తుడుచుకోలేదు. భరిణ అక్కడే వదిలేసి పరుగున ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

సాయంత్రం అక్కే భరిణ తెచ్చిచ్చింది.

"మొఖం ఎట్ల చూపియ్యాలె అక్కా?"

"ఇదే మొఖం చూపియ్యి. పా, మేడం ఇంటికి పోదాం. బొట్టు పెట్టకుంట పిలిస్తే మేం రామా?"

ఉత్త చేతులతో, ఏడుపు గొంతుతో పిలిచాను. మేడం వచ్చింది. ఆ యూనిఫాంలే మమ్మల్ని నిలబెట్టాయి.

నిన్న వాళ్లింటికి పోతే అక్క మామ నన్ను గుర్తుపట్టాడు. చర్చి పెద్దగా బతికిన మనిషి, ఇప్పుడు కర్ర లేనిదే లేవలేడు.

"ఆనాడు బొట్టు తుడుచుకోవే అని నేనన్న. పిల్ల చూస్తే చిన్నబోతది మామా, జరసేపు ఉండనియ్యి అన్నది. చర్చిల నలుగురు నాలుగు మాటలన్నరు. నేను గూడ శాన రోజులు మాట్లాడలే" అన్నాడు. ఆయన కళ్లెత్తలేకపోయాడు. నేనూ ఎత్తలేకపోయాను. ఇన్నేళ్లలో అక్క ఆ మాట నా దగ్గర అననేలేదు.

అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. కొత్త షాపుకు బట్టల సేట్లను పిలిచాను, ఎనుమాముల మార్కెట్ వాళ్లను పిలిచాను. ముక్కూ మొహం తెలియని ఆఫీసర్ల ఇళ్లకూ పోయి, నవ్వి, వాళ్ల పిల్లల పేర్లు అడిగొచ్చాను. అక్కను మాత్రం పిలవలేదు. మన మనిషే కదా, చివర్లో ఒక మాట చెప్తే సరిపోతుందిలే అనుకున్నాను. ఆమెకు ఒంట్లో బాగాలేదని కూడా నాకు తెలియదు. ఊరందరి ఆరోగ్యం అడగడం నేర్పిన మనిషి ఆరోగ్యం నేను అడగలేదు.

పాటలు పాడుతున్నారు. పెట్టె దగ్గరికి పోయాను. తెల్లచీర, నున్నటి నుదురు. భరిణ నా చేతిలోనే ఉందని అప్పుడు చూసుకున్నాను. కొంగు చాటున దాచి, ఉత్త చెయ్యి ఆమె చేతి మీద పెట్టాను.

"అక్కా, ఎల్లుండి షాపు తెరుస్తున్న. నువ్వు రావాలె" అన్నాను.