ఒకటే లాటు నూలు

మా అత్త కూరగాయల బండి దగ్గర ఎప్పుడూ ఒకే ప్రశ్న వేసేది. "ఇయ్యాల ఏది మంచిగ లేదు?" అన్నీ మంచివే అన్నవాడి దగ్గర కొత్తిమీర కట్ట కూడా కొనేది కాదు. కొత్త కోడలిగా సూరత్ వచ్చిన రోజుల్లో ఆ పంచాయితీ చూసి సిగ్గుతో తల దించుకునేదాన్ని. అదే ప్రశ్న పట్టుకుని నేను నూలు బజారుకు పోతానని అప్పుడెవరైనా చెబితే నవ్వేదాన్ని.

మొదటి లాక్‌డౌన్ సడలించిన రోజులవి. లింబాయత్‌లో మా ఇంటి కింది గదిలో నాలుగు మరమగ్గాలు, మావాళ్ల మాటలో సాంచాలు, నెలల తరబడి ఆగిపోయి ఉన్నాయి. పనివాళ్లు సొంతూళ్లకు వెళ్లిపోయారు. చివరికి ఒక చీరల సేటు ఒక్క ఆర్డరు ఇచ్చాడు. అది నెగ్గితే సరే, లేకపోతే సాంచాలను పాత ఇనుము కింద అమ్మేస్తానని మా ఆయన తేల్చేశాడు. కొనేవాడు వచ్చి వాటిని తట్టి చూసిపోయాడు కూడా. ఆ సాంచాల చప్పుడులోనే కదా నా పిల్లల్ని నిద్రపుచ్చింది!

పడుగు మగ్గాల మీదే ఉంది. పేకకు నూలు లేదు. ఏళ్లుగా మాకు నూలు పంపిన వ్యాపారి దుకాణం మూసేసి ఊరికి పోయాడు. అన్నీ ఆయనే చూసి పంపేవాడు కాబట్టి పెట్టె మీద ఏం రాసి ఉంటుందో మేం ఏనాడూ చదవలేదు.

"ఇగ నాతోని కాదు, నువ్వే పోయి చూడు" అన్నాడు మా ఆయన. మాస్కు కట్టుకుని బయల్దేరాను.

మొదటి దుకాణంలో కుర్చీ వేశారు, చేతుల్లో శానిటైజర్ పోశారు, చల్లటి మజ్జిగ ఇచ్చారు. "ఇందులో మంచిగా లేనిది ఏది?" అని హిందీలో అడిగాను. "మా దగ్గర అలాంటిది ఉండదు బెన్. ముప్పై పెట్టెలు ఇప్పుడే పంపిస్తా" అన్నాడు దుకాణదారు. బెన్ అంటే గుజరాతీలో అక్క. నిజం చెప్పొద్దూ, నా మనసు అటే లాగింది. మజ్జిగ అంత బాగుంది. అయినా అత్త గుర్తొచ్చి, ఇంకోచోట కూడా అడుగుదామని లేచాను.

రెండో దుకాణంలో పెద్దాయన కూర్చోమని కూడా అనలేదు. నా ప్రశ్న విని ఎగాదిగా చూసి, ఎన్ని పెట్టెలు కావాలన్నాడు. ముప్పై అన్నాను. వెనక గదిలోకి పోయి ఒక్కో పెట్టే తిప్పి నంబరు చదువుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

"ఈ లాటువి ఇరవై రెండే ఉన్నాయి. మిగతావి వేరే లాటు, మిల్లులో ఇంకో విడత తీసినవి. రెండూ కలిపితే అదే మంచిది కాదు. నా దగ్గర కొనకు బెన్."

నాకు ఒళ్లు మండింది. "రెండూ తెల్లగానే ఉన్నాయి కదా కాకా!"

ఆయన రెండు కోన్లు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "నీ కంటికి తేడా తెలీదు, నా కంటికీ తెలీదు. నేసేటప్పుడూ తెలీదు. పల్సానా మిల్లుల్లో రంగు వేశాక ఒకటి ఎక్కువ తాగుతుంది, ఒకటి తక్కువ తాగుతుంది. బట్టంతా అడ్డచారలు. అప్పుడు మీ సేటు ముట్టుకోడు."

మజ్జిగ దుకాణంలో పెట్టెల మీద నంబర్లు రకరకాలుగా ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "మరి నేనేం చెయ్యాలి కాకా?" అన్నాను.

ఆయన ఫోన్ తీసి గుజరాతీలో రెండు ముక్కలు మాట్లాడాడు. "ఎదురు వరుసలో మూల దుకాణం. ఒకే లాటువి ముప్పై ఉన్నాయట. పెట్టె పెట్టెకూ నంబరు చూసుకునే ఎక్కించుకో" అని, మళ్లీ తన పనిలో పడ్డాడు.

మూల దుకాణం ఆయన పెట్టెలు దించుతూనే కాకా దుకాణం వైపు చూశాడు. "ఫోన్‌లో ఆ గొంతు విని నమ్మలేకపోయాను. మా ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది" అన్నాడు.

బోణీ కాని ఆ రోజుల్లో, చేతికొచ్చిన బేరాన్ని పడనివాడి గుమ్మానికి పంపిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేనైతే పంపేదాన్ని కాదు. ఇరవై రెండూ అంటగట్టి, మిగతాది దేవుడికి వదిలేసేదాన్ని.

నేనూ మా ఆయనా వంతులేసుకుని నేశాం. రంగు వేసిన మొదటి తాను వచ్చిందని సేటు పిలిస్తే ఇద్దరం వెళ్లాం. మా ఆయన ఆ చివర నుంచి ఈ చివరి దాకా బట్టను చేత్తో తడుముతూ వెతికాడు. చార అన్నది లేదు. సేటు రెండో ఆర్డరు చెప్పాడు. బయటికి రాగానే మా ఆయన పాత ఇనుము వాడికి ఫోన్ చేసి, రావద్దని చెప్పాడు.

"నూలు మల్ల ఆ మూల దుకాణంలనే తెద్దాం. మాలు మంచిగున్నది" అన్నాడు బండి తీస్తూ.

"వద్దు" అన్నాను. "మనకు అమ్మనన్న ఆయన దగ్గరికే పోదాం."