చదివి వినిపించకుండా పంపిన దరఖాస్తు

ఈ ఉదయం వేలూరులోని మా ఆఫీసుకు గుడియాత్తం నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. చించగానే బీడీ పొగాకు వాసన గుప్పుమంది. పక్క సీటు అమ్మాయి ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఆ కాగితాలను దగ్గరికి తీసుకున్నాను. వాటి మీద సంతకాలు పెట్టిన, బీడీలు చుట్టే తల్లుల వేళ్ళ వాసన అది. బళ్ళకు నిధులివ్వమని సంస్థలకు దరఖాస్తులు రాయడం నా ఉద్యోగం. ఆ పని నేర్పింది రుక్మిణి టీచరు. ఆవిడ తలపుకొచ్చినప్పుడల్లా నేను చేసిన పాడుపని కూడా వెంటే వస్తుంది.

గుడియాత్తం శివార్లలో ఎనిమిదో తరగతి దాకా ఉన్న చిన్న బడికి ఆవిడ హెడ్మిస్ట్రెస్. బడి ప్రహరీ కట్టడానికి వెళ్ళిన మా నాన్న, తాపీ పట్టుకునే, "మా పాపకి ఇంగ్లీషు బాగా వస్తాది టీచరమ్మా, ఏదన్నా పని ఉంటే చూడండి" అని అడిగాడట. అట్లా గుమాస్తాగా చేరాను. ఇంట్లో పొద్దస్తమానం తెలుగే మాట్లాడినా నాకు అక్షరం ముక్క రాదు. తమిళ బళ్ళలో చదివిన మా వైపు తెలుగువాళ్ళందరిదీ అదే సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడే పలక ముందు పెట్టి నాతో దిద్దించారు. ఇరవై రెండేళ్ళ దాన్ని, ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చుని దిద్దేదాన్ని.

ఆ బళ్ళో ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి లేదు. ఉన్న ఒక్కదానికీ తలుపు లేదు. పెద్ద తరగతుల పిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోతే మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకు పొద్దున కూడా రావడం మానేసేవాళ్ళు. ఒక సంస్థ ఏటా జిల్లా మొత్తంలో ఒక్క బడికి మరుగుదొడ్లు కట్టిస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టాం. అడగందే అమ్మైనా పెట్టదు కదా. మాతో పాటు అడిగే బళ్ళు మాత్రం బోలెడు.

టీచరుకు ఒక పద్ధతి ఉండేది. నేను ఇంగ్లీషులో రాసిన దరఖాస్తును పంపే ముందు, శుక్రవారం మధ్యాహ్నం తల్లులను బడి వరండాలోకి పిలిపించి, తెలుగులో చెప్పుకుంటూ మొత్తం చదివేవారు. వాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతూనే వినేవాళ్ళు. ఒకసారి "ఈ పిల్లలకు ఒక పూటే భోజనం" అన్న చోట ఒకావిడ చెయ్యి ఆపేసింది.

"ఎవురు చెప్పినారు టీచరమ్మా? నా బిడ్డకి మూడు పూట్లా పెడతాను. సంగటో, గంజో, ఏదో ఒకటి పెడతాను. ఒక పూటంటే ఊరోళ్ళు నన్నేమనుకుంటారు?"

టీచరు అప్పటికప్పుడే ఆ వాక్యం కొట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇట్లా అన్నీ కొట్టేస్తే మనకెవురిస్తారు టీచర్? పక్క బడోళ్ళు చదివేవాళ్ళకి ఏడుపొచ్చేలా రాస్తా ఉండారు."

"రాయనీలే పాపా. రేపు ఈ కాగితం ఎవురైనా ఆ తల్లి ముందర చదివితే, ఆమె తల దించుకోకూడదు. మనం అడిగేది మరుగుదొడ్లు. ఆమె మానం తాకట్టు పెట్టి అడగాల్సిన పన్లేదు."

రెండేళ్ళు వరసగా ఓడిపోయాం. ఆ రెండేళ్ళలో బడి మానేసిన ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీలో నేనే కొట్టేశాను. ఈ ముసలమ్మ మొండితనం వల్లే ఇదంతా అని లోపల తిట్టుకున్నాను కూడా. ఇప్పుడు దాచడమెందుకు?

మూడో ఏడు గడువుకు వారం ముందు టీచరుకు గుండెనొప్పి వచ్చి వేలూరు ఆస్పత్రిలో చేరారు. నాకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఎనిమిదో తరగతిలో కుమారి అని చురుకైన పిల్ల ఉండేది. ఆమె నాన్న మునుసామి లుంగీలు నేసేవాడు. దగ్గు ముదిరి సగం రోజులు మగ్గమెక్కలేకపోయేవాడు. దగ్గు అని రాస్తే ఎవరు కరుగుతారు? తాగుబోతు అని రాశాను. తాగొచ్చి పుస్తకాలు చింపేస్తాడనీ, ఆ పిల్లకు బడి తప్ప దిక్కు లేదనీ రాశాను. పేరు మార్చాను కాబట్టి ఏమీ కాదనుకున్నాను. ఆస్పత్రికి వెళ్ళినప్పుడు టీచరు మంచం మీద నుంచే అడిగారు.

"వాళ్ళకి చదివి వినిపించినావా?"

"చదివినాను టీచర్" అన్నాను. అంత తేలిగ్గా అబద్ధం ఎట్లా వచ్చిందో!

గెలిచాం. టీచరు కోలుకుని బడికి వచ్చారు. మరుగుదొడ్లు లేచాయి, తలుపులు వచ్చాయి. ప్రారంభోత్సవం రోజు ఆ సంస్థ పెద్దమనిషి మైకు పట్టుకుని, తమ మనసు కరిగించిన కథ అంటూ నేను రాసినదాన్ని తమిళంలో చదివాడు. ఎనిమిదో తరగతి పిల్ల, లుంగీలు నేసే తండ్రి, బీడీలు చుట్టే తల్లి. బళ్ళో అట్లాంటి పిల్ల ఒక్కతే. పేరు మారిస్తే ఊరికి తెలియదా? తలలన్నీ రెండో వరుస వైపు తిరిగాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చిన మునుసామి లేచి, కూతురి చెయ్యి పట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. కుమారి మళ్ళీ బడికి రాలేదు.

  మర్నాడు టీచరు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. మునుసామి మగ్గం దగ్గరే ఉన్నాడు. నావైపు చూడలేదు.

"నేను తాగింది యాడ చూసినారమ్మా?" అని టీచరునే అడిగాడు.

"చూళ్ళేదు నాయనా. మా బళ్ళో రాసిన అబద్ధం అది. తప్పు నాది" అన్నారు ఆవిడ. నాది అని నేను అనలేకపోయాను. 

రాసిన మాట అబద్ధమని సంస్థకు ఉత్తరం పెడుతున్నామని చెప్పి, సంచీలోంచి ఆ ఉత్తరం తీసి, తెలుగులో నెమ్మదిగా చదివి వినిపించారు. "సరిగ్గా ఉండాదా నాయనా? మార్చేది ఉంటే చెప్పు."

ఆయన చాలాసేపు దగ్గాడు. తర్వాత అన్నాడు: "బాగుండాది టీచరమ్మా. అయితే దీన్ని మైకులో ఎవురు చదువుతారు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ తర్వాత నిధులిచ్చే బళ్ళ జాబితా దేనిలోనూ మా బడి పేరు కనబడలేదు. కుమారి పొద్దున్నే ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీ బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. టీచరు మరో ఏడాదికే పోయారు. మునుసామి ఆవిడ కంటే ముందే పోయాడు.

ఇప్పుడు నేను రాసేవన్నీ ఫోనులోనైనా సరే ఆ తల్లులకు చదివి వినిపించాకే పంపుతాను. వాళ్ళు వద్దన్నది కొట్టేస్తాను. మా పై అధికారి విసుక్కుంటాడు. ఎక్కువసార్లు ఓడిపోతాను కూడా.

ఆ సంస్థ వాళ్ళు ఏటా కొత్త బళ్ళకు పంచే పుస్తకంలో, దరఖాస్తు ఎలా రాయాలో చూపించే నమూనాగా నేను రాసినదే అచ్చవుతోంది. తీసేయమని నేనూ ఎన్నో ఉత్తరాలు రాశాను. ఈ ఏడు పుస్తకం కూడా వచ్చింది. మునుసామి అందులో ఇంకా తాగుతూనే ఉన్నాడు.