అత్తమ్మ విన్న వారం రోజులు

యాభైల నాటి మాట. నేను మాదన్నపేటకు కోడలిగా వచ్చి రెండేళ్లయింది. మా అత్తమ్మ ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతుండేది. "ముసల్దానికి మతి పోయింది" అంటూ మా పెద్ద తోడికోడలు ఆమె తాళాల గుత్తి లాక్కుని తన బొడ్లో దోపుకుంది. ఆ ఏడు ఆవకాయ కూడా తానే కలుపుతానంది. అత్తమ్మ మీద జాలి కన్నా తోడికోడలి మీద కసే నాకు ఎక్కువ.

పోయింది మతి కాదు, వినికిడేమోనని అనుమానం వచ్చి అత్తమ్మను పత్తర్‌గట్టిలో హకీం దగ్గరికి తీసుకెళ్లాను. మూడు రోజులు నూనె చుక్కలు వేయించి, చెవుల్లో గడ్డకట్టిన గులిమి తీశాడు. బయట టాంగాల చప్పుడు వినగానే అత్తమ్మ నా చెయ్యి నొక్కింది.

"ఎవ్వలకు చెప్పకు."

వారం రోజులు తన మూలలోనే కూర్చుని అన్నీ వింది.

ఆవకాయ రోజు చుట్టాలంతా చేరారు. తోడికోడలు ఉప్పు కొలవబోతుంటే అత్తమ్మ లేచింది. "సోమవారం నన్ను పిచ్చిదన్నవ్. నిన్న ఈ ముసల్ది ఎప్పుడు పోతదోనన్నవ్. తాళాలు ఇటియ్యి."

తోడికోడలి మొహం మాడిపోయింది. నేను పకపకా నవ్వాను.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు గూడ నన్ను జూసి గిట్లనే నవ్వెటిదానివి. చెవులు వినబడకున్నా కండ్లు మంచిగనే ఉండె బిడ్డా."

తాళాలు ఇచ్చింది తోడికోడలే. తల దించుకున్నది మాత్రం ఇద్దరం.